పర్యావరణ పరిశోధన సంస్థ ఎక్కడ మొదలవుతుంది: అనంతపురం ప్రసంగ పాఠం

(అనంతపురంలో విద్యార్థులు, రైతులు, ఉపాధ్యాయులు కూర్చున్న సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం. చివర సభికుల ప్రశ్నలు, జవాబులు కూడా ఉన్నాయి.)

పెద్దలకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం.

స్వతంత్ర పర్యావరణ పరిశోధన సంస్థను ఎట్లా పెట్టాలి, ఎట్లా పెంచాలి అనే విషయం మీద మాట్లాడమన్నారు. ఈ మాట వినగానే చాలామందికి రిజిస్ట్రేషను, అద్దె ఇల్లు, బోర్డు, ప్రారంభోత్సవం గుర్తుకొస్తాయి. వాటి దగ్గరికి తర్వాత వస్తాం. ముందు "స్వతంత్ర" అన్న మాట సంగతి తేల్చుకుందాం.

ఒక ఊరి పక్కన గని వస్తుంది, లేదా ఫ్యాక్టరీ వస్తుంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషను ప్రకారం దానికి ఒక నివేదిక తయారు కావాలి. ఆ నివేదిక రాసేది గుర్తింపు ఉన్న కన్సల్టెంటు. ఆయనకు ఫీజు కట్టేది ప్రాజెక్టు పెట్టేవాళ్లే. ఆయన అబద్ధం రాస్తాడని నేను అనడం లేదు. అయితే ఏ బావి నీళ్లు తీయాలి, ఏ నెలలో తీయాలి, ఏ ఊరి దగ్గర దుమ్ము కొలవాలి అన్నది ఫీజు తీసుకున్న మనిషి తేలుస్తాడు. ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇస్తారు. వందల పేజీల నివేదిక చేతిలో పెట్టుకుని, 30 రోజుల్లో ఊరివాళ్లు ఏం కొలవగలరు? కొలవలేరు కాబట్టి అరుస్తారు. ఆ అరుపు మినిట్స్‌లో ఒక లైనుగా మిగిలిపోతుంది. అదే ఊళ్లో అంతకు ముందు ఐదేళ్ల బోరుబావుల లెక్క ఉంటే, ఆ రోజు మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది. మనం కట్టాలనుకునే సంస్థ ఆ ఐదేళ్ల లెక్క కోసమే.

ఇది మనకే వచ్చిన కష్టం కాదు. జర్మనీలో ఫ్రైబుర్గ్ అనే ఊరికి దగ్గర్లో, రైన్ నది పక్కన వీల్ అనే పల్లె ఉంది. ద్రాక్షతోటల సీమ. అక్కడ అణు విద్యుత్ కేంద్రం కడతామన్నారు. కూలింగ్ టవర్ల ఆవిరితో పొగమంచు పెరిగి ద్రాక్ష దెబ్బతింటుందని రైతులు భయపడ్డారు. 1975 ఫిబ్రవరిలో వేలమంది వెళ్లి ఆ స్థలంలో కూర్చున్నారు. గొడవ కోర్టుకు చేరింది. అక్కడ అసలు ఇబ్బంది బయటపడింది. నిపుణులు కావాలి, కానీ ఆ రంగం తెలిసినవాళ్లలో ఎక్కువమంది కంపెనీల్లోనో ప్రభుత్వంలోనో ఉన్నారు. రైతుల వైపు నుంచి లెక్క కట్టి చెప్పే మనిషి దొరకడం గగనమైంది. ఆ లోటులోంచి 1977 నవంబరులో ఫ్రైబుర్గ్‌లో ఓకో ఇన్‌స్టిట్యూట్ పుట్టింది. సభ్యులు చందాలు కట్టే సంఘంగా మొదలైంది. వీల్‌లో అణు కేంద్రం చివరికి రాలేదు. కానీ ఆ సంస్థ గొడవతో ఆగిపోలేదు, అది గమనించాలి. "వద్దు అంటున్నారు సరే, మరి కరెంటు ఎక్కడి నుంచి తెస్తారు?" అని జనం అడుగుతారు కదా. 1980లో చమురు, యురేనియం లేకుండా జర్మనీ ఎట్లా నడవగలదో లెక్కలతో ఒక అధ్యయనం తెచ్చింది. 1986లో చెర్నోబిల్ పేలినప్పుడు పాలల్లో, కూరల్లో ఎంత రేడియోధార్మికత ఉందో చెప్పమని జనం దాని వైపు చూశారు. అప్పటికి దానికి దాదాపు తొమ్మిదేళ్ల అనుభవం ఉంది. ఈ రోజు ప్రభుత్వ శాఖలకు కూడా అది కాంట్రాక్టు మీద అధ్యయనాలు చేస్తుంది. ఎవరితో కొట్లాడి పుట్టిందో వాళ్లే డబ్బిచ్చి అడిగేదాకా పెరిగింది.

మన దేశంలో 1980లో ఢిల్లీలో అనిల్ అగర్వాల్ సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్‌ను మొదలుపెట్టారు. ఆయన ఇంజనీరింగ్ చదివి పాత్రికేయంలోకి వచ్చిన మనిషి. 1982లో దేశ పర్యావరణ పరిస్థితి మీద పౌరుల నివేదిక వచ్చింది. దేశమంతా పనిచేస్తున్న రకరకాల బృందాల సమాచారం దానికి ఆధారం. ఆ సంస్థ ప్రయోగశాల 2003లో సీసా నీళ్లలో, శీతల పానీయాల్లో పురుగుమందుల అవశేషాలు ఉన్నాయని చెప్పింది. ఎంత పెద్ద కంపెనీల మీద మాటో మీకు తెలుసు. పార్లమెంటు సంయుక్త సంఘం వేశారు. శరద్ పవార్ అధ్యక్షుడు. 2004 ఫిబ్రవరిలో ఆ సంఘం, అవశేషాలు ఉన్న మాట నిజమేనని నివేదిక ఇచ్చింది. అక్కడ నిలబడింది ఆవేశం కాదు. సీసా ఎక్కడ కొన్నారు, ఏ బ్యాచ్, ఏ పద్ధతిలో పరీక్షించారు అన్న కాగితాలు. ఇంకొకరు మళ్లీ కొలిచినా అదే అంకె రావాలి. స్వతంత్రం అన్న మాటకు నా దగ్గర ఉన్న అర్థం ఇదొక్కటే.

ఇక మన సీమకు వద్దాం. మనం ఖాళీ చేతులతో మొదలుపెట్టడం లేదు. ఈ అనంతపురంలోనే 1982 నుంచి యాక్సియన్ ఫ్రెటర్నా అనే స్వచ్ఛంద సంస్థ మెట్టసేద్యం మీద పనిచేస్తోంది. 2003 నుంచి కొన్నేళ్లు, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో, ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలాలను కొలుచుకునే కార్యక్రమం నడిచింది. నంద్యాలలోని బర్డ్స్ సంస్థ దానికి కేంద్రం. వందల ఊళ్లలో రైతులు, ఆడవాళ్లు, పెద్ద చదువులు లేనివాళ్లు బోర్ల మట్టం కొలిచి, వాన కొలిచి, హింగారు (రబీ) పంటకు ముందు నీటి లెక్క వేసుకున్నారు. కొలవడానికి డిగ్రీ అక్కర్లేదని అక్కడ తేలిపోయింది. క్రమం తప్పకుండా వెళ్లే కాలు, అంకె మార్చని చెయ్యి ఉంటే చాలు.

కలివికోడి అనే అరుదైన పిట్ట సంగతి కూడా ఉంది. జెర్డన్ అనే ప్రకృతి పరిశోధకుడు దాన్ని కనుగొన్నాడు, 1848లో బ్లైత్ అనే శాస్త్రవేత్త వర్ణించాడు. 1900 తర్వాత కనపడలేదు, అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. దాన్ని వెతికింది బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్తలు. దారి చూపింది చిట్టడవుల్లో తిరిగే స్థానిక పిట్టల వేటగాళ్లు. తర్వాత లంకమల అడవిలో ఆ పిట్టను వెతికిన పద్ధతి చూడండి. పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, తెల్లారి వాటి మీద పడిన అడుగుల గుర్తులు చూశారు. రాత్రి తిరిగే పిట్ట, మనిషికి కనపడదు, కానీ అడుగు దాచలేదు. పరికరం ఖరీదు కంటే ప్రశ్నకు తగ్గ పరికరం ముఖ్యమని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మన దగ్గర లేదు.

సరే, పనిలోకి వెళ్దాం.

మొదటి రోజే "రాయలసీమ పర్యావరణం" అని మొదలుపెట్టకండి. ఒక వంక, అంటే చిన్న వాగు, పట్టుకోండి. ఎక్కడ పుడుతుంది, ఏ చెరువులో కలుస్తుంది అన్నంతవరకు ఒక పరీవాహకం. అందులో 40 బోర్లు, 5 వానమాపకాలు, ఒక చెరువు. ఇద్దరు మనుషులు చూసుకోగలిగినంత. ప్రశ్న ఒక్కటే: ఈ వంకలో పడిన వానలో ఎంత భూమిలోకి పోతోంది, మనం ఎంత తోడుతున్నాం, ఆ నీళ్లలో ఏముంది.

వానమాపకం తేలికనుకుంటారు. వాన పడే నోరు 200 చదరపు సెంటీమీటర్లు ఉన్న మాపకంలో 20 మిల్లీలీటర్ల నీళ్లు ఉంటే 1 మిల్లీమీటరు వాన. అంచు నేల నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో, సమంగా ఉండాలి. పక్కన చెట్టో గోడో ఉంటే దాని ఎత్తుకు కనీసం రెట్టింపు దూరంలో పెట్టాలి. ఉదయం 8:30కి చూడాలి. ఎక్కడ చెడుతుందంటే, వేపాకు గరాటులో అడ్డం పడుతుంది. మేకలు కంచె తోసేస్తాయి. అన్నిటికంటే పెద్ద తప్పు నోటుబుక్కులో జరుగుతుంది. వాన పడని రోజు "0" రాయాలి. మనిషి వెళ్లని రోజు గీత గీయాలి. ఈ రెండూ ఒకటిగా రాసిన పుస్తకం పదేళ్లదైనా పనికిరాదు. ఆదివారం వెళ్లకుండా సోమవారం చూస్తే, ఆ వాన రెండు రోజులదని పక్కన రాయాలి. లేదంటే సోమవారాలు మాత్రం పెద్ద వానలు పడే విచిత్రమైన ఊరు తయారవుతుంది.

ఇప్పుడు బోరు. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు నిలబడదాం, ఎందుకంటే మన సంస్థ ప్రాణం ఇందులోనే ఉంది.

నీటిమట్టం టేపుకు చివర ఒక సూది లాంటి ముక్క ఉంటుంది. నీళ్లు తగలగానే పైన బీప్ అంటుంది. బోరు మూతి దగ్గరి కేసింగు పైపు అంచు మీద ఒకచోట పెయింటుతో గుర్తు పెట్టండి. ప్రతిసారీ ఆ గుర్తు దగ్గరే చదవాలి. కేసింగు నేలకంటే ఎంత పైకి ఉందో ఒకసారి కొలిచి రాసుకోండి. ఉదాహరణకు కేసింగు 45 సెంటీమీటర్లు పైకి ఉంది, టేపు 38.62 మీటర్లు చూపించింది. నేల నుంచి నీళ్ల లోతు 38.17. ఒక నెల ఒక పిల్లాడు ఆ 45 సెంటీమీటర్లు తీసేసి, మరుసటి నెల ఇంకొకడు తీయకుండా రాశాడనుకోండి, బోరు కదలకుండానే మట్టం 45 సెంటీమీటర్లు పడిపోయినట్టు కనపడుతుంది. అందుకే పుస్తకంలో టేపు అంకె, కేసింగు ఎత్తు, తీసేసిన ఫలితం మూడూ వేరువేరు గడుల్లో ఉండాలి.

ఎప్పుడు కొలవాలి? మోటారు ఆడుతున్నప్పుడు కొలిస్తే అది బోరు మట్టం కాదు, తోడుతున్న మట్టం. వ్యవసాయానికి కరెంటు వచ్చే టైము చూసుకుని, అది రాకముందు తెల్లారుజామున వెళ్లాలి. ఐదు నిమిషాలకొకసారి మూడుసార్లు కొలవండి. నీళ్లు ఇంకా పైకి వస్తున్నాయంటే, అంటే అంకె తగ్గుతోందంటే, బోరు కోలుకోలేదు, లేదా పక్క చేలో ఎవరిదో మోటారు ఆగి ఎక్కువసేపు కాలేదు. ఆ సంగతి పక్కన రాయండి. కొన్ని బోర్లలో పైన ఉన్న పగుళ్ల నుంచి నీళ్లు లోపల కారుతుంటాయి. టేపు ఆ ధారకు తగిలి ముందే బీప్ అంటుంది. ఇంకో మీటరు దించి చూడండి. శబ్దం తెగి తెగి వస్తే అది ధార, ఆగకుండా వస్తే మట్టం.

టేపు దిగేదారి కూడా చూసుకోవాలి. మోటారు పైపు, కేబులు, తాడు, పైన క్లాంపు. టేపు వాటి మధ్య చిక్కుకుంటే రైతు మోటారు లాగాల్సి వస్తుంది. ఆ రోజుతో ఆ ఊళ్లో మన పని అయిపోయినట్టే. మందు ఏమిటంటే 25 మిల్లీమీటర్ల పీవీసీ పైపును మోటారు పైపు పక్కనే దించడం. అడుగు తెరిచి ఉండాలి, కింది రెండు మూడు మీటర్లకు రంధ్రాలు వేయాలి. మన కోసం రైతు మోటారు బయటికి తీయడు, తీయమనడం న్యాయం కాదు. మోటారు కాలినప్పుడు ఎలాగూ తీస్తారు. కాలిందని కబురు రాగానే పైపు తీసుకుని వెళ్లేట్టు మెకానిక్కుతో మాట్లాడి ఉంచుకోండి. మన సీమలో అందుకు ఎక్కువ కాలం ఎదురుచూడక్కర్లేదు, అది బాధాకరమైన సంగతే.

ఎండిపోయిన బోరు దగ్గర చాలామంది "0" రాస్తారు. లోతు గడిలో సున్నా అంటే నీళ్లు నేల మట్టానికి ఉన్నాయని అర్థం! "ఎండింది, 60 మీటర్ల దాకా నీళ్లు లేవు" అని మాటల్లో రాయాలి. ఇంతకంటే లోతైన మోసం ఇంకొకటి ఉంది. నాలుగు బోర్లు తీసుకోండి. ఈ ఏడు లోతులు 30, 40, 50, 60 మీటర్లు. సగటు 45. వచ్చే ఏడు ప్రతి బోరులో 5 మీటర్లు పడింది. మూడు బోర్లు 35, 45, 55 అయ్యాయి. నాలుగోది అడుగంటి ఎండిపోయింది, దానికి అంకె లేదు కాబట్టి పట్టికలోంచి జారిపోయింది. మిగిలిన మూడింటి సగటు మళ్లీ 45! "నీటిమట్టంలో మార్పు లేదు" అని నివేదిక రాసేస్తాం. ఒక రైతు కుటుంబం బోరు పోగొట్టుకున్న సంవత్సరం మన కాగితం మీద మామూలు సంవత్సరంగా కనపడుతుంది. అందుకే సగటుతో పాటు ఎన్ని బోర్లు ఎండాయో ప్రతిసారీ పక్కనే రాయాలి, ఒకే బోర్ల జట్టును ఏటేటా పోల్చాలి. ఎండిన బోరును జాబితాలోంచి ఎప్పుడూ తీసేయకూడదు.

ఇక నీళ్లలో ఏముందో. మన దగ్గర మొదట చూడాల్సింది ఫ్లోరైడు. ఫ్లోరైడు ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో దాని గురించిన తొలి నివేదిక 1937లో పక్కనే ఉన్న అప్పటి నెల్లూరు జిల్లా నుంచి వచ్చింది. భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీళ్లు లేకపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు. ఊళ్లలో చేతిలో టీడీఎస్ పెన్ను (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం చూపేది) పట్టుకుని నీళ్లు మంచివో కావో చెప్పేస్తున్నారు. ఆ పెన్ను ఫ్లోరైడును చూడలేదు. టీడీఎస్ 800 ఉన్న నీళ్లలో ఫ్లోరైడు 2 ఉందా అర ఉందా అన్నది దానికి తెలియదు. పైగా మన గ్రానైటు రాళ్లలో కాల్షియం తక్కువగా, సోడియం బైకార్బొనేటు ఎక్కువగా ఉన్న నీళ్లలోనే ఫ్లోరైడు ఎక్కువ కరుగుతుంది, ఎందుకంటే కాల్షియం ఉంటే దాన్ని పట్టుకుని కిందికి దించేస్తుంది. అంటే గట్టి నీళ్లు, గిన్నెకు తెల్లగా పట్టే నీళ్లు అని జనం భయపడేవాటి కంటే, పప్పు బాగా ఉడికే తియ్యటి నీళ్లలో ప్రమాదం ఉండొచ్చు. కాచితే పోతుందా అని అడుగుతారు. పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ పెరుగుతుంది.

నమూనా తీసే పద్ధతి. బోరును ఐదు పది నిమిషాలు ఆడనివ్వండి, పైపులో నిలవున్న నీళ్లు పోవాలి. ప్లాస్టిక్ సీసాను అదే నీళ్లతో మూడుసార్లు కడిగి నింపండి. గాజు సీసా వద్దు. పీహెచ్, విద్యుద్వాహకత అక్కడికక్కడే కొలవండి, సాయంత్రానికి మారిపోతాయి. లేబులు సీసా ఒంటికి అంటించండి, మూతకు కాదు. పది సీసాలు ఒకేసారి కడిగినప్పుడు మూతలు తారుమారవుతాయి. లోహాల కోసం తీసిన సీసాలో నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేస్తాం. నైట్రేటు కోసం ఆ సీసా వాడితే వచ్చేది మనం పోసిన నైట్రేటే. ఈ తప్పు చదువుకున్నవాళ్లే చేస్తారు.

ఫ్లోరైడు కొలిచే ఎలక్ట్రోడు ఒక చిన్న సంస్థ కూడా కొనుక్కోగలదు. ప్రమాణ ద్రావణం చేసుకోవడం ఇలా: ఆరబెట్టిన సోడియం ఫ్లోరైడు 0.221 గ్రాములు ఒక లీటరు డిస్టిల్డ్ నీళ్లలో కలిపితే లీటరుకు 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడు. దాన్ని పలచన చేసి లీటరుకు 1, 10 మిల్లీగ్రాముల ద్రావణాలు తయారుచేయాలి. నమూనాకూ, ప్రమాణానికీ సమానంగా టిస్యాబ్ బఫరు కలపాలి. అది లేకపోతే అల్యూమినియం, ఇనుము ఫ్లోరైడును పట్టేసుకుని, ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. 1కీ 10కీ మధ్య 25 డిగ్రీల దగ్గర 58 మిల్లీవోల్టుల చుట్టూ తేడా రావాలి. 54 కంటే తగ్గితే ఎలక్ట్రోడు మురికైంది లేదా ద్రావణం పాడైంది, ఆ రోజు కొలతలు ఆపేయండి. మన ఎండలకు ఇంకో చిక్కు. ప్రమాణ ద్రావణం ఫ్రిజ్‌లోంచి చల్లగా తీసి, నమూనా 38 డిగ్రీల గదిలోంచి తీసి పోలిస్తే రెండూ రెండు భాషలు మాట్లాడతాయి. అన్నీ ఒకే టేబులు మీద ఒక గంట ఉంచి మొదలుపెట్టండి.

ప్రతి 10 నమూనాలకు ఒకదాన్ని రెండోసారి, పేరు తెలియకుండా పరీక్షించాలి. డిస్టిల్డ్ నీళ్లు మాత్రమే ఉన్న ఒక సీసా, ఎంత ఫ్లోరైడు ఉందో ముందే తెలిసిన ఒక ద్రావణం కూడా వరుసలో పెట్టాలి. పూర్తి విశ్లేషణ చేసినప్పుడు ధన అయానుల మొత్తం, రుణ అయానుల మొత్తం మిల్లీ ఈక్వివలెంట్లలో (విద్యుదావేశాన్ని లెక్కలోకి తీసుకునే కొలతలో) దాదాపు సమానం కావాలి. తేడా 5 శాతం లోపు ఉంటే సరే. 10 దాటితే ఎక్కడో తప్పుంది, ఆ కాగితం బయటికి పోకూడదు. గుర్తింపు ఉన్న ప్రయోగశాల పెట్టాలంటే ఐఎస్ఓ 17025 అనే ప్రమాణం ప్రకారం ఎన్ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు తీసుకోవాలి. దానికి ఖర్చూ మనుషులూ కావాలి, మొదటి రెండేళ్లు దాని జోలికి వెళ్లకండి. పదిలో ఒక నమూనాను గుర్తింపు ఉన్న ల్యాబుకు పంపి పోల్చుకుంటూ రండి. కోర్టుకు పోయే అంకె అయితే మాత్రం మొదటి రోజే అక్కడికే పంపాలి.

ఈ కొలతలన్నీ ఊరికి తిరిగి వెళ్లాలి. ఎట్లా అంటే లెక్కగా. అనంతపురానికి ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన. మన రాతి నేలల్లో అందులో పదోవంతు అటూ ఇటూగా భూమిలోకి ఇంకుతుందని అంచనా. అంటే 55 మిల్లీమీటర్లు. వరికి 1200 మిల్లీమీటర్లు పెడితే, ఒక ఎకరా వరి 22 ఎకరాల మీద ఇంకిన వాన తాగుతుంది. మడిలో పెట్టిన నీళ్లలో కొంత మళ్లీ ఇంకుతుంది. దాదాపు సగం వెనక్కి పోయిందనుకున్నా, డజను ఎకరాల వాన. ఈ లెక్కను హింగారుకు ముందు, అక్టోబరులో, ఊరి రచ్చబండ దగ్గర గోడ మీద ఆ ఊరి అంకెలతోనే రాయాలి. "వరి వేయొద్దు" అని మనం చెప్పనక్కర్లేదు, చెప్పకూడదు. ఎవరి బోరు ఎంత ఇస్తుందో వాళ్లకే బాగా తెలుసు. వాళ్లకు లేనిది ఊరంతటి మొత్తం.

ఇప్పుడు రిజిస్ట్రేషను. ఇది త్వరగా చెప్పేస్తాను. మూడు దారులు: ట్రస్టు, సొసైటీ, లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీ. ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం 2001 కింద కనీసం ఏడుగురు కావాలి. ఆ ఏడుగురూ ఒకే ఇంటివాళ్లు కాకుండా చూసుకోండి. బైలాల్లో ఒక మాట రాయించండి: డబ్బు ఇచ్చినవారితో వ్యాపార సంబంధం ఉన్న సభ్యుడు ఆ అధ్యయనం మీద ఓటు వేయకూడదు. తర్వాత పన్ను మినహాయింపు నమోదు. దాని కింద ఏడాదిలో వచ్చిన ఆదాయంలో 85 శాతం అదే ఏడాది ఆశయం కోసం ఖర్చుపెట్టాలి, మిగతాది దాచుకోవచ్చు. కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) డబ్బుకు సీఎస్ఆర్-1 నమోదు కావాలి. విదేశీ విరాళాలకు మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో 15 లక్షల ఖర్చు చూపాలి. డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి. ఇంకో సంస్థకు దాన్ని పంచకూడదు. చాలా సంస్థలు మంచి పని చేసి కూడా తేదీలు దాటి రిటర్నులు వేయక మూతపడతాయి. కాబట్టి మొదట జీతం ఇవ్వాల్సిన మనిషి ఎకౌంటెంటు. శాస్త్రవేత్త కొన్నాళ్లు ఆగగలడు, ఆడిట్ తేదీ ఆగదు.

డబ్బులో అసలు చిక్కు వేరే ఉంది. ప్రాజెక్టు ఇచ్చేవాళ్లు సర్వేకు ఇస్తారు, పుస్తకానికి ఇస్తారు, మీటింగుకు ఇస్తారు. పదకొండో ఏడు అదే బోరును మళ్లీ కొలవడానికి ఎవరూ ఇవ్వరు. ప్రమాణ ద్రావణాలకు, కొలిచే పిల్లాడి పెట్రోలుకు, గది అద్దెకు పద్దు ఉండదు. ఓకో ఇన్‌స్టిట్యూట్ సభ్యుల చందాలతో మొదలైందని అందుకే చెప్పాను. పెద్ద మొత్తం కాకపోయినా, ఆ చందా మీద ఎవరి షరతూ ఉండదు. మన దగ్గర వెయ్యిమంది టీచర్లు, డాక్టర్లు, రైతులు, బెంగళూరులో ఉద్యోగం చేసే మన పిల్లలు నెలకు వంద ఇస్తే ఏడాదికి 12 లక్షలు. ఒక వంక పరీవాహకాన్ని నడపడానికి అది చాలు. ఏ ఒక్క దాతదీ మొత్తంలో మూడోవంతు దాటకుండా చూసుకోండి. ఆరు నెలల జీతాలు బ్యాంకులో ఉండాలి. రెండు ప్రాజెక్టుల మధ్య ఖాళీలో కొలత ఆగిందంటే, ఆ మూడు నెలల చిల్లు ఎంత డబ్బు పెట్టినా తర్వాత పూడదు.

మనుషుల గురించి. కొలిచేవాళ్లు ఆ ఊరివాళ్లే కావాలి. పట్నం నుంచి వచ్చినవాడు తెల్లారుజామున ఐదింటికి బోరు దగ్గర ఉండడు. ఆడపిల్లలు ఈ పనిని ఎక్కువ కాలం నిలబెడతారు, జీతం మాత్రం సమంగా ఇవ్వండి. గౌరవ వేతనం అనే పేరుతో చిల్లర చేతిలో పెట్టకండి. రెండో ఏడు నుంచి వాళ్లే తమ అంకెలను కంప్యూటరు పట్టికలోకి ఎక్కించాలి. ఎక్కించిన మనిషి, సరిచూసిన మనిషి వేరువేరుగా ఉండాలి. నోటుబుక్కులో బాల్ పెన్ను వాడండి. జెల్ పెన్ను వాన చినుకు పడితే కారిపోతుంది. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి పక్కన సరైన అంకె, సంతకం. చెరపకూడదు. ఆ పాత అంకె కూడా సాక్ష్యమే.

ప్రశ్నలు అడగండి.

"కంపెనీ డబ్బుతో చేసిన అధ్యయనంలో కంపెనీకి వ్యతిరేకంగా వస్తే బయట పెట్టగలమా?" అని తమ్ముడు అడుగుతున్నాడు. అది ఫలితం వచ్చాక ఆలోచించే విషయం కాదు తమ్ముడూ, ఒప్పందం మీద సంతకం పెట్టేముందు తేల్చుకోవాలి. ఫలితం వచ్చాక 30 రోజులు వాళ్లు వ్యాఖ్య రాయవచ్చు, ఆ వ్యాఖ్యను మనం అనుబంధంలో యథాతథంగా అచ్చు వేస్తాం, ప్రచురణను ఆపే హక్కు వాళ్లకు లేదు. ఈ మూడు వాక్యాలు ఒప్పందంలో ఉండాలి. ఒప్పుకోకపోతే ఆ డబ్బు తీసుకోకండి.

"తుమ్మలపల్లె దగ్గర యురేనియం గురించి ఎవరి మాట నమ్మాలి?" అని అక్క అడిగింది. మంచి ప్రశ్నమ్మా. తుమ్మలపల్లె అంటే కడప జిల్లాలో యురేనియం గని ఉన్న ఊరు. యురేనియం కొన్ని రాళ్లలో సహజంగానే ఉంటుంది, గని లేని ఊళ్ల బోర్లలో కూడా రావచ్చు. తాగునీటిలో లీటరుకు 30 మైక్రోగ్రాముల దాకా హద్దు. ఒక బోరులో అంకె ఎక్కువ వచ్చిందంటే అది రాయి నుంచా, గని నుంచా అని ఒక్క నమూనాతో ఎవరూ చెప్పలేరు. అదే బోరు పాత అంకె కావాలి, దూరం పెరిగేకొద్దీ అంకె ఎట్లా మారుతోందో కావాలి, నీళ్లు ఏ వైపు పారుతున్నాయో మట్టాల నుంచి తెలియాలి. అది లేకుండా గట్టిగా చెప్పేవాళ్లను, ఏ వైపువాళ్లనైనా, నేను నమ్మను. కొత్తగా ఏ గని వస్తుందన్నా, తవ్వకానికి రెండేళ్ల ముందే చుట్టూ బోర్లు కొలవడం మొదలుపెట్టండి.

"రైతుల పేర్లు బయటపెడితే ఇబ్బంది కాదా?" అవుతుంది. బోరుకు ఒక నంబరు ఇవ్వండి. పేరు, ఫోను వేరే పుస్తకంలో, బీరువాలో. ఫ్లోరైడు ఎక్కువ ఉందని తెలిస్తే ఆ పొలం ధర పడిపోతుంది, ఇంటి పిల్లకు సంబంధం తప్పిపోతుంది. ఊరికి చెప్పేముందు ఆ ఇంటికి చెప్పండి. పక్కన మంచి నీళ్లు ఎక్కడున్నాయో కూడా అదే నోటితో చెప్పండి.

"ఎప్పుడు మొదలుపెట్టాలి?" అంటున్నారు వెనక నుంచి. మే నెలాఖరులో, ముంగారు వానలకు ముందు. మట్టం బాగా కిందికి దిగి ఉండే కాలం. ఏడాదికి నాలుగుసార్లు సరిపోతుంది: జనవరి, మే, ఆగస్టు, నవంబరు. కేంద్ర భూగర్భజల బోర్డు కూడా దాదాపు అవే నెలల్లో కొలుస్తుంది, పోల్చుకోవచ్చు. ఇప్పటి నుంచి అప్పటిలోపు బోర్ల జాబితా, కేసింగు ఎత్తులు, రైతుల అనుమతి అయిపోవాలి. టేపు వంద మీటర్లది సరిపోదు, మన బోర్లకు రెండు వందలది తీసుకోండి. దాంట్లో 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, ఇంకోటి జేబులో పెట్టుకుని బయలుదేరండి.